షినానో ముందే సిద్ధమై ఉంటే?

1944 నవంబర్ 29, తెల్లవారుజామున మూడుంబావు దాటింది. జపాను దక్షిణ తీరం పక్కగా వెళ్తున్న షినానో అనే విమాన వాహక నౌక మీదికి అమెరికా సబ్‌మెరైన్ ఆర్చర్‌ఫిష్ ఆరు టార్పెడోలు వదిలింది. నాలుగు తగిలాయి. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద క్యారియర్ ఇంకొకటి లేదు. పూర్తి బరువుతో దాదాపు 72,000 టన్నులు. నౌకాదళం చేతికి వచ్చి సరిగ్గా పది రోజులు. పని ఇంకా పూర్తి కాలేదు కాబట్టి నావికులతో పాటు షిప్‌యార్డ్ కార్మికులు కూడా ఓడలోనే ఉన్నారు. ఒక గదిలోకి వచ్చిన నీళ్లు పక్క గదిలోకి పోకుండా ఆపే తలుపులు కొన్ని బిగించలేదు. కేబుళ్లు, గొట్టాల కోసం ఇనుప గోడల్లో చేసిన కన్నాలు కొన్ని అలాగే తెరిచి ఉన్నాయి. ఆ గదుల్లోకి గాలి నింపి ఎక్కడైనా కారుతోందా అని చూసే పరీక్షను తొందరలో వదిలేశారు.

కెప్టెన్ తోషియో అబే ఇంత పెద్ద ఓడకు నాలుగు టార్పెడోలు ఒక లెక్క కాదనుకున్నాడు. వేగం తగ్గించకుండా ముందుకే పోనిచ్చాడు. ఓడ ముందుకు పోయేకొద్దీ నీళ్లు లోపలికి తోసుకొచ్చాయి. మొదట కుడివైపు కొద్దిగా ఒరిగింది, తర్వాత ఒరుగుతూనే పోయింది. ఉదయం పదకొండు కావస్తుండగా బోల్తా పడి మునిగిపోయింది. 1,435 మంది చనిపోయారు. వాళ్లలో అబే ఒకడు. బయల్దేరి ఒక్క రోజు కూడా కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడల గురించి ఆసక్తిగా చదివేవాళ్లు షినానో దగ్గరికి రాగానే ఆగిపోతారు. అక్కడి నుంచి 'ఒకవేళ'లు మొదలవుతాయి. ఇది ఒక ఏడాది ముందే పూర్తయి ఉంటే? యమాటో, ముసాషి అనే భారీ బ్యాటిల్‌షిప్‌లను కూడా షినానోలాగే క్యారియర్లుగా మార్చి ఉంటే? ఇసే, హ్యూగా అనే పాత బ్యాటిల్‌షిప్‌లను సగం సగం కాకుండా పూర్తిగా మార్చి ఉంటే? జరగని చరిత్రను ఊహించడం మంచి పనే. జరిగిన దాన్ని అర్థం చేసుకోవడానికి దానికి మించిన దారులు ఎక్కువ లేవు. కానీ ఈ ప్రశ్నల్లో చాలావాటిలో ఒకే లెక్క తప్పుతోంది. ఓడలను మాత్రమే లెక్కపెడుతున్నారు. ఒక డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడలను కట్టే, మరమ్మతు చేసే గొయ్యి) ఎన్ని నెలలు ఖాళీగా దొరుకుతుంది, ఆ డెక్ మీద దిగడం వచ్చిన పైలట్లు ఎంతమంది ఉన్నారు అన్నవి ఆ లెక్కలోకి రావడం లేదు.

అసలు బ్యాటిల్‌షిప్‌ను క్యారియర్‌గా మార్చడం ఎందుకంత కష్టం? బయటి నుంచి చూస్తే పైనున్న ఫిరంగులు తీసేసి ఒక చదునైన కప్పు వేస్తే చాలన్నట్టు కనిపిస్తుంది. లోపలికి వెళ్తే సంగతి వేరు. బ్యాటిల్‌షిప్‌ను దాని ఫిరంగుల చుట్టూ కడతారు. యమాటో మీద తిరిగే ఒక్కో టరెట్ (ఫిరంగులు బిగించిన ఉక్కు గది) బరువే దాదాపు 2,500 టన్నులు. దాని కింద ఓడ అడుగు దాకా దిగే ఉక్కు బావి ఉంటుంది, చుట్టూ మందుగుండు గదులు ఉంటాయి. అవి తీసేశాక మిగిలే ఖాళీలో విమానాల పెట్రోలు ట్యాంకులు, బాంబుల గదులు, లిఫ్టులు ఇమడాలి. బాయిలర్ల పొగ నిటారుగా పైకి పోయే చోట ఇప్పుడు విమానాలు దిగాలి కాబట్టి పొగగొట్టాన్ని పక్కకు తిప్పాలి. బరువు ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది అని మొదటి నుంచి లెక్క వేసుకోవాలి. లేకపోతే ఓడ గాలికే ఒరుగుతుంది. ఇంతా చేస్తే మిగిలేది ఓడ ఒళ్లు, అంటే హల్, దాంతో పాటు ఇంజన్లు. ఆదా అయ్యేది అంతే.

షినానోకు కూడా అదే జరిగింది. 1940 మేలో టోక్యో దగ్గరి యోకోసుకా షిప్‌యార్డ్‌లో యమాటో తరగతిలో మూడో బ్యాటిల్‌షిప్‌గా దాని పని మొదలైంది. యుద్ధం మొదలయ్యాక పని నెమ్మదించింది. 1942 జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర అమెరికాతో జరిగిన పోరులో ఒక్క దెబ్బకు నాలుగు క్యారియర్లు పోయాకే దీన్ని మార్చాలని నిర్ణయించారు. ఎలా మార్చాలన్న దాని మీద కూడా వాదనలు నడిచాయి. చివరికి రాజీ కుదిరింది: తనకంటూ 47 విమానాలు, వాటితో పాటు మిగతా క్యారియర్ల విమానాలకు కావలసిన పెట్రోలు, బాంబులు మోసే బలమైన ఉక్కు డెక్ ఓడ. అదే సమయంలో అమెరికాలో తయారవుతున్న ఎసెక్స్ అనే క్యారియర్ ఖాళీ బరువు 27,100 టన్నులు, విమానాలు దాదాపు 90. షినానో ఖాళీ బరువు అంతకు రెట్టింపుకు మించి 62,000 టన్నులు, మోసే విమానాలు అందులో సగం. బ్యాటిల్‌షిప్ హల్‌తో పని మొదలుపెడితే వచ్చే ఫలితం ఇలాగే ఉంటుంది.

పోనీ, 1943 చివరికే పూర్తయిందనుకుందాం. దానికి యోకోసుకా కార్మికులు వేరే పనులు మానుకోవాలి. వాళ్ల చేతుల్లో దెబ్బతిన్న ఓడల మరమ్మతులున్నాయి, సబ్‌మెరైన్లున్నాయి, రవాణా ఓడలకు కాపలా కాసే చిన్న ఓడలున్నాయి. వాటిలో దేన్ని ఆపినా జపానుకు వేరే చోట గండి పడుతుంది. సరే, అదీ సర్దుకున్నారనుకుందాం. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధానికి జపాను తొమ్మిది క్యారియర్లతో వెళ్లింది, ఎదురుగా అమెరికావి పదిహేను. షినానో పదోదిగా వెళ్తుంది, 47 విమానాలు కలుస్తాయి. ఆ విమానాలు నడిపేది ఎవరు? అప్పటికే జపాను కొత్త పైలట్లు కొద్ది నెలల శిక్షణతో డెక్ మీదికి వస్తున్నారు. అవతలి పైలట్లకు దాదాపు రెండేళ్ల శిక్షణ ఉంది, రాడార్ దారి చూపిస్తోంది. మొదటి రోజే జపాను మూడు వందలకు పైగా విమానాలను పోగొట్టుకుంది. ఇంకో 47 కలిస్తే ఆ అంకె ఇంకాస్త పెరిగేది. షినానోలాగే ఉక్కు డెక్‌తో కట్టిన తైహో అనే సరికొత్త క్యారియర్ కూడా అక్కడే ఉంది. దానికి ఒకే ఒక్క టార్పెడో తగిలింది. డెక్‌కు ఏమీ కాలేదు, కానీ లోపల పెట్రోలు ఆవిరి ఓడంతా పరుచుకుని కొన్ని గంటల తర్వాత పేలింది.

మిడ్వేలోనే జపాను పైలట్లంతా పోయారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అక్కడ చనిపోయిన జపాను విమాన సిబ్బంది సుమారు 110 మంది. అదే ఏడాది అక్టోబర్‌లో శాంతాక్రూజ్ దీవుల దగ్గర జరిగిన పోరులో అంతకంటే ఎక్కువమంది పోయారు. ఆ పోరులో గెలిచింది జపానే అని కూడా చెప్పుకోవచ్చు, అమెరికా క్యారియర్ హార్నెట్ మునిగింది. కానీ ఇలాంటి గెలుపులు, సోలొమన్ దీవుల మీద రోజూ ఎగరడం కలిసి ఏళ్ల తరబడి తయారైన మనుషులను తినేశాయి. యుద్ధానికి ముందు జపాను నౌకాదళం పైలట్లను చాలా కఠినంగా వడపోసి ఏడాదికి కొద్దిమందినే తయారుచేసేది. ఆ కొద్దిమంది పోతే వెనకాల వరుసలో ఎవరూ లేరు.

ఓడలున్నా నడిపేవాళ్లు లేకపోవడం ఊహ కాదు. 1942 ఆగస్టులో మొదలుపెట్టిన ఉన్‌ర్యూ అనే క్యారియర్ రెండేళ్లలో పూర్తయింది. దాని వెంటే అదే తరగతిలో అమాగి, కత్సురాగి వచ్చాయి. మూడూ 1944 ఆగస్టు, అక్టోబర్ మధ్య సిద్ధమయ్యాయి. మూడూ మంచి ఓడలే. వాటి మీదికి ఎక్కించడానికి శిక్షణ పొందిన పైలట్లు లేరు, తిప్పడానికి చమురు లేదు. ఒక్కటీ తన విమానాలతో యుద్ధానికి వెళ్లలేదు. ఉన్‌ర్యూ డిసెంబర్‌లో సరుకు మోస్తూ సబ్‌మెరైన్‌కు దొరికిపోయింది. అమాగి జపానులోని కురే రేవు దగ్గర బాంబులు పడి పక్కకు పడిపోయింది. కత్సురాగి మిగిలింది, యుద్ధం అయ్యాక పరాయి దేశాల్లో చిక్కుకున్న జపాను సైనికులను ఇళ్లకు తెచ్చే పనికి పనికొచ్చింది. షినానో చివరి ప్రయాణంలో కూడా ఎగిరేందుకు సిద్ధంగా ఉన్న సొంత విమానం లేదు. దాని పొట్టలో ఉన్నవి యాభై ఓకాలు. మనిషి లోపల కూర్చుని శత్రు ఓడను ఢీకొనే రాకెట్ బాంబులవి. ప్రపంచంలోకెల్లా పెద్ద క్యారియర్ వాటిని ఒక రేవు నుంచి ఇంకో రేవుకు మోసుకెళ్లే ఓడగా బయల్దేరింది.

సగం సగం ఓడలు

ఇసే, హ్యూగా కథ కాస్త నిదానంగా చెప్పుకోవాల్సింది. 1942 మే 5న ఫిరంగులు పేల్చే శిక్షణలో ఉండగా హ్యూగా వెనకవైపున్న ఐదో టరెట్ లోపల పేలుడు జరిగి 51 మంది చనిపోయారు. ధ్వంసమైన టరెట్‌ను తీసేసి ఆ చోట ఉక్కు పలక పరిచారు. నెల తిరిగేసరికి మిడ్వే వచ్చింది. క్యారియర్లు కావాలి, చేతిలో వెనకభాగం దెబ్బతిన్న ఒక పాత బ్యాటిల్‌షిప్ ఉంది. పూర్తిగా మారిస్తే ఎంత పడుతుందని చూశారు. 54 విమానాల క్యారియర్‌కు ఏడాదిన్నర అని తేలింది. అంత టైమ్ లేదన్నారు.

అందుకని రెండు ఓడలకూ వెనక రెండేసి టరెట్లు తీసేసి, అక్కడ ఒక హ్యాంగర్ కట్టి, దాని పైన సుమారు 70 మీటర్ల డెక్ వేశారు. ముందు భాగం బ్యాటిల్‌షిప్, వెనక భాగం క్యారియర్. ఒక్కోదానికి 22 విమానాలు. 70 మీటర్లలో ఏ విమానమూ సొంతంగా పైకి లేవలేదు కాబట్టి క్యాటపుల్ట్‌తో విసరాలి. దిగడం అసలే కుదరదు. చక్రాల విమానాలైతే వేరే క్యారియర్‌ను గానీ నేల మీది ఎయిర్‌ఫీల్డ్‌ను గానీ వెతుక్కోవాలి. తెప్పల విమానాలైతే నీళ్ల మీద దిగితే క్రేన్‌తో పైకి లాగాలి. యుద్ధం మధ్యలో ఓడ ఆపి క్రేన్ దించడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. 1944 అక్టోబర్‌లో ఎంగాన్యో అగ్రం దగ్గర అమెరికా నౌకాదళాన్ని పక్కదారి పట్టించే ఎరగా జపాను తన మిగిలిన క్యారియర్లను పంపింది. ఇసే, హ్యూగా కూడా వెళ్లాయి. వాటి విమానాలను అప్పటికే నేల మీది స్థావరాలకు పంపేశారు. ఖాళీ డెక్‌లతో, చుట్టూ బిగించిన విమాన విధ్వంసక ఫిరంగులు పేలుస్తూ, ఆ రెండూ బతికి బయటపడ్డాయి.

ఈ ఓడల వల్ల జపానుకు నిజంగా ఒరిగిన మేలు 1945 ఫిబ్రవరిలో దొరికింది. సింగపూర్‌లో ఖాళీ హ్యాంగర్లలోకి పెట్రోలు డ్రమ్ములు, రబ్బరు, తగరం ఎక్కించుకుని దారిలో కాపుకాసిన సబ్‌మెరైన్లన్నిటినీ తప్పించుకుని కురే చేరాయి. విమానాల కోసం కట్టిన గది గోడౌన్‌గా పనికొచ్చింది. జూలైలో కురే దగ్గరే అమెరికా విమానాలు రెండింటినీ లోతులేని నీళ్లలో కూర్చోబెట్టాయి.

ఏడాదిన్నర వెచ్చించి పూర్తిగా మార్చి ఉంటే 1944 మొదట్లో రెండు పాత, నిదానమైన ఓడలు వచ్చేవి, ఒక్కోదానికి 54 విమానాలు. ఆ ఏడాదిన్నర పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. ఎసెక్స్ పని 1941 ఏప్రిల్‌లో మొదలై 1942 డిసెంబర్ 31న ముగిసింది. ఇరవై నెలలు. ఒక పాత ఓడను మార్చడానికి జపానుకు పట్టే కాలానికి ఇంకో రెండు నెలలు కలిపితే అమెరికా కొత్త ఓడ కట్టేస్తోంది. అలాంటివి మొత్తం 24 కట్టింది. సరుకు ఓడల నమూనాలో చిన్న కాసబ్లాంకా తరగతి క్యారియర్లను ఒకే షిప్‌యార్డ్ నుంచి యాభై దింపింది, అవన్నీ 1943, 44లలోనే. పసిఫిక్‌లో జపాను ఏ ఓడను ఏ ఓడగా మార్చినా ఈ అంకెల ముందు నిలబడదు. ఇది బాధ కలిగించే లెక్కే, ఎందుకంటే ఆ ఓడల్లో ఎక్కిన కుర్రాళ్లకు ఈ అంకెలు ఎవరూ చెప్పలేదు.

అలాగని మార్చడం అనే ఆలోచనే తప్పు అనలేం. జపాను యుద్ధానికి ముందే కొన్ని ఓడలను తర్వాత క్యారియర్లుగా మార్చడానికి వీలుగా గీసి పెట్టుకుంది. చితోసె, చియోడా, జుయిహో అలా వచ్చినవే. ప్రయాణికుల ఓడలుగా మొదలైన హియో, జున్యోలకు కూడా నౌకాదళమే ఖర్చులో పెద్ద భాగం భరించింది. అవసరం పడ్డప్పుడు అవి త్వరగా మారాయి. ముందుగా అనుకున్న మార్పుకూ, దెబ్బ తిన్నాక తోచిన మార్పుకూ తేడా అక్కడే ఉంది.

రూజ్‌వెల్ట్ పట్టుదల, నౌకాదళం 'వద్దు'

అమెరికా కూడా మార్చింది, అది కలిసొచ్చింది. 1941లో ఎసెక్స్ తరగతి ఓడలు రావడానికి ఇంకా టైమ్ పడుతుందని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు బెంగగా ఉంది. న్యూజెర్సీలోని క్యామ్డెన్ షిప్‌యార్డ్‌లో క్లీవ్‌లాండ్ తరగతి క్రూజర్లు (బ్యాటిల్‌షిప్‌ల కంటే చిన్న, వేగమైన యుద్ధనౌకలు) వరుసగా తయారవుతున్నాయి. వాటిలో కొన్నిటిని క్యారియర్లు చేయొచ్చు కదా అన్నాడు. నౌకాదళం ఇంజనీర్లు లాభం లేదన్నారు. ఆయన వదల్లేదు. పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి తర్వాత 1942 జనవరిలో మొదటి ఆర్డరు వచ్చింది. తొమ్మిది ఇండిపెండెన్స్ తరగతి క్యారియర్లూ 1943లోనే నౌకాదళంలో చేరాయి.

ఇవి అంత గొప్ప ఓడలేం కావు. క్రూజర్ హల్ సన్నగా ఉంటుంది కాబట్టి పైన బరువు పెరిగితే ఊగుతుంది, పక్కలకు ఉబ్బులు అతికించాల్సి వచ్చింది. డెక్ ఇరుకు. విమానాలు ముప్పై చిల్లర. కానీ 31 నాట్ల (గంటకు సుమారు 57 కిలోమీటర్ల) వేగంతో ఎసెక్స్ ఓడల పక్కన పరుగెత్తగలిగాయి. బ్యాటిల్‌షిప్ హల్‌కు లేనిది ఆ వేగమే. పైగా హల్‌లు పూర్తి కాకముందే, పైభాగం కట్టకముందే మార్పు మొదలైంది. కట్టింది కూల్చే పని లేదు. ఎక్కించడానికి విమానాలూ, పైలట్లూ కూడా అదే వేగంతో తయారవుతున్నారు. ఈ తొమ్మిదిలో యుద్ధంలో పోయింది ప్రిన్స్‌టన్ ఒక్కటే.

అదే అమెరికా ఇంకో మార్పుకు వద్దంది. ఐయోవా తరగతిలో చివరి రెండు బ్యాటిల్‌షిప్‌లు ఇల్లినాయ్, కెంటకీలను క్యారియర్లుగా మార్చే ఆలోచన 1942లో వచ్చింది. కాగితం మీద గీసి చూస్తే ఎసెక్స్ కంటే తక్కువ విమానాలు, ఎక్కువ ఖర్చు. పక్కన పెట్టేశారు. రెండు బ్యాటిల్‌షిప్‌లూ చివరికి పూర్తి కాలేదు. 1956లో విస్కాన్సిన్ అనే బ్యాటిల్‌షిప్ ఒక డిస్ట్రాయర్‌ను ఢీకొని ముక్కు పోగొట్టుకుంటే కెంటకీ ముక్కును కోసి దానికి అతికించారు. ఆ విస్కాన్సిన్ ఇప్పుడు నార్ఫోక్‌లో మ్యూజియంగా ఉంది.

భూకంపం మార్చిన ఓడ

జరగని చరిత్రకు నిజంగా పదునైన ప్రశ్న కావాలంటే 1944 నుంచి ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి పోవాలి. 1922 ఫిబ్రవరి 6న వాషింగ్టన్‌లో ఐదు దేశాలు నౌకాదళాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. బ్యాటిల్‌షిప్‌ల బరువులో అమెరికా, బ్రిటన్‌లకు ఐదేసి పాళ్లయితే జపానుకు మూడు. క్యారియర్లకు కూడా పరిమితి పెట్టారు: అమెరికా, బ్రిటన్‌లకు 1,35,000 టన్నుల చొప్పున, జపానుకు 81,000. సగం కట్టిన బ్యాటిల్‌షిప్‌లను తుక్కు చేయాల్సి వచ్చింది. అయితే వాటిలో రెండింటిని ఒక్కోటి 33,000 టన్నులకు మించకుండా క్యారియర్లుగా మార్చుకోవచ్చని ఒక వెసులుబాటు ఇచ్చారు. అమెరికా లెక్సింగ్టన్, సరటోగాలను ఎంచుకుంది. జపాను అకాగి, అమాగిలను ఎంచుకుంది. ఈ అమాగి తర్వాత కురేలో పడిపోయిన అమాగి కాదు, ఆ పేరు మోసిన పాతది.

1923 సెప్టెంబర్ 1 మధ్యాహ్నానికి రెండు నిమిషాల ముందు కాంటో ప్రాంతంలో భూమి కంపించింది. టోక్యో, యోకోహామా కాలిపోయాయి, లక్ష మందికి పైగా చనిపోయారు. యోకోసుకాలో కట్టుబడి దిమ్మెల మీదున్న అమాగి హల్ బాగు చేయడానికి వీల్లేనంతగా వంకరపోయింది. దాని బదులు తుక్కుకు పంపాల్సిన కాగా అనే బ్యాటిల్‌షిప్ హల్‌ను తీసుకున్నారు. అకాగి, అమాగి బ్యాటిల్ క్రూజర్లు, పొడవుగా వేగంగా పోయేలా గీసినవి. కాగా లావుపాటి బ్యాటిల్‌షిప్. అందుకే చివరి దాకా అకాగి 31 నాట్లు పోతే, కాగా 28 నాట్ల దగ్గరే ఆగిపోయింది.

భూకంపం రాకుండా ఉండుంటే? రెండు సమాన వేగపు క్యారియర్లు జపాను దగ్గర ఉండేవి. మిడ్వే ఫలితం మాత్రం మారేది కాదనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఓటమికి కారణం ఓడల వేగం కాదు. పైగా 1930ల మధ్యలో మళ్లీ కట్టాక కాగా వెడల్పే దానికి కలిసొచ్చింది. మిడ్వేకు వెళ్లిన నాలుగింటిలో ఎక్కువ విమానాలున్నది దాని మీదే. బ్యాటిల్‌షిప్ హల్ క్యారియర్‌కు పనికొచ్చిందంటే, పదేళ్లకు పైగా తప్పులు దిద్దుకునే తీరిక దొరికింది కాబట్టి. మొదట అకాగి, కాగా రెండింటికీ మూడేసి అంతస్తుల డెక్‌లు పెట్టారు, అవి పనికిరావని వాడి చూశాకే తెలిసింది. షినానోకు అలాంటి ఒక్క వారం కూడా దొరకలేదు.

అమెరికా వైపు కూడా అంతే. 1927 చివర్లో చేరిన లెక్సింగ్టన్, సరటోగాలు ఏళ్ల తరబడి బడిలా పనిచేశాయి. 1929 జనవరి విన్యాసాల్లో సరటోగా ప్రధాన నౌకాదళం నుంచి విడిపోయి, ఎవరూ ఊహించని వైపు నుంచి పనామా కాలువ మీద ఉత్తుత్తి దాడి చేసింది. 1932 ఫిబ్రవరి 7, ఆదివారం తెల్లవారుజామున ఈ రెండు క్యారియర్ల విమానాలే పెర్ల్ హార్బర్ మీద ఉత్తుత్తి దాడి చేసి చూపించాయి. తొమ్మిదేళ్ల తర్వాత ఇంకో ఆదివారం అక్కడికి అకాగి, కాగా విమానాలు నిజంగా వచ్చాయి. రెండు వైపులా ఆ ఆలోచన పెరిగింది ఒప్పందం వల్ల మారిన ఓడల మీదే. (ఆ రోజుల్లోనే, 1929 చివర్లో టకోమా నగరానికి కరెంటు కొరత వస్తే లెక్సింగ్టన్ రేవులో నిలబడి తన జనరేటర్లతో నెల రోజుల పాటు ఊరికి కరెంటు ఇచ్చింది.)

ఇంకో పెద్ద ప్రశ్న, ఒప్పందమే కుదరకపోతే? 1921లో జపాను ప్రభుత్వ ఖర్చులో మూడో వంతుకు దగ్గరగా నౌకాదళానికే పోతోంది. అలా ఎక్కువ కాలం సాగేది కాదు. సాగినంత కాలం మాత్రం అకాగి, అమాగి, లెక్సింగ్టన్, సరటోగా అన్నీ ఫిరంగుల ఓడలుగానే తేలేవి. పెద్ద క్యారియర్ల అనుభవం చాలా ఆలస్యంగా వచ్చేది. 1941 డిసెంబర్ 7 నాటి పెర్ల్ హార్బర్ దాడి ఆ రూపంలో జరిగేది కాదని చెప్పడం అతి కాదు.

ఆ ఒప్పందం నీడ తెలుగు తీరం దాకా వచ్చింది. పదివేల టన్నుల లోపు క్యారియర్లు లెక్కలోకి రావని అందులో ఒక సందు ఉండేది. ఆ సందులోంచి దూరడానికి జపాను ర్యూజో అనే చిన్న క్యారియర్ మొదలుపెట్టింది. 1930లో లండన్ ఒప్పందం ఆ సందు మూసేసింది. ఎటూ లెక్కలోకి వస్తుంది కదా అని చిన్న హల్ మీదే ఇంకో హ్యాంగర్ ఎక్కించారు. ఓడ తలబరువై ఊగిసలాడింది, మళ్లీ డాక్‌కు తెచ్చి సరిచేయాల్సి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, అప్పట్లో కోకనాడ అని రాసే కాకినాడ మీద బాంబులు వేసిన విమానాలు ఆ ర్యూజో నుంచి ఎగిరినవే. విశాఖ పోర్టు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ముందు రోజే అకాగితో సహా ఐదు పెద్ద క్యారియర్ల విమానాలు కొలంబో మీద పడ్డాయి. కాగా అనే ఆ ఓడ మాత్రం ఈ దండయాత్రకు రాలేదు. ఫిబ్రవరిలో పలావు దగ్గర సముద్రం అడుగున రాయికి తగిలి మరమ్మతు కోసం వెనక్కి వెళ్లింది.

ఇప్పటి రోజుల్లో కూడా మార్చడం అంటే ఏమిటో భారత నౌకాదళానికి బాగా తెలుసు. రష్యా ఓడ అడ్మిరల్ గోర్ష్‌కోవ్ ముందు భాగంలో క్షిపణుల గొట్టాలుండేవి. అవి పీకేసి, విమానాలు పైకి ఎగిరేలా వంపు డెక్ కట్టి ఐఎన్‌ఎస్ విక్రమాదిత్యగా మార్చడానికి 2004లో 97.4 కోట్ల డాలర్లకు ఒప్పందం జరిగింది. 2008లో రావాల్సిన ఓడ 2013 నవంబర్‌లో వచ్చింది, ఖర్చు 235 కోట్ల డాలర్లకు చేరింది. ఇది శాంతి కాలంలో, పైన బాంబులు పడని షిప్‌యార్డ్‌లో జరిగిన పని.

అందుకే 'ఒకవేళ' అడిగేటప్పుడు తేదీ ముఖ్యం. 1942 తర్వాత జపాను ఏం మార్చినా ఆలస్యమే. 1937 నవంబర్‌లో యమాటో మొదలుపెట్టిన రోజును తీసుకుంటే ప్రశ్నకు బలం వస్తుంది. ఇంత పెద్ద బ్యాటిల్‌షిప్‌లు వద్దు, విమానాలు చాలని జపాను నౌకాదళ అధికారి యమమొటో లాంటివాళ్లు అప్పటికే వాదిస్తున్నారు. అంటే వేరే నిర్ణయం సాధ్యమే. యమాటో, ముసాషిలకు పోయిన డాక్‌లు, ఉక్కు, నాలుగేళ్లు షొకాకు లాంటి క్యారియర్లకు పోయి, పైలట్ల శిక్షణ కూడా అప్పుడే రెట్టింపు చేసి ఉంటే 1942 పోరాటాలు వేరుగా నడిచే అవకాశం ఉంది. యుద్ధం ముగింపు అప్పటికీ మారదు, కానీ ఇంకా ఎక్కువ కాలం, ఇంకా ఎక్కువ ప్రాణాలు తీసుకుని నడిచేది. శిక్షణ మాట కలపకుండా ఓడలే పెంచితే మాత్రం అది మళ్లీ ఉన్‌ర్యూ కథే.

బ్రిటన్ దీనికి తలకిందులైన పని ఒకటి చేసింది. 1920లలో కరేజియస్, గ్లోరియస్ ఓడలను క్యారియర్లుగా మార్చినప్పుడు తీసేసిన 15 అంగుళాల టరెట్లను దాచిపెట్టింది. యుద్ధం మొదలైన తొలి ఏడాదిలోనే ఆ రెండు క్యారియర్లూ మునిగిపోయాయి. వాటి ఫిరంగులు మాత్రం వాన్‌గార్డ్ అనే కొత్త బ్యాటిల్‌షిప్ మీదికి ఎక్కాయి. అది 1946లో పూర్తయింది, అప్పటికి యుద్ధమే లేదు.

యోకోసుకాలో షినానోను కట్టిన ఆరో నంబరు డ్రై డాక్ ఆ ఓడ కోసమే తవ్వింది. 1944 అక్టోబర్ 5న ఓడను తేలించే పనిలో ఉండగా ఆ డాక్ గేటు ఊడి సముద్రం ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చింది. షినానో గోడలకు కొట్టుకుని, మరమ్మతు కోసం ఇంకొన్ని రోజులు అక్కడే ఉండిపోయింది. ఓడ పోయినా డాక్‌కు ఏమీ కాలేదు. యుద్ధం తర్వాత ఆ రేవు అమెరికా నౌకాదళం చేతికి వచ్చింది. ఆ దళం ఓడలను ఇప్పటికీ మరమ్మతు కోసం ఆ డాక్‌లోకి తెస్తారు.